సర్కారు బడికి మార్కులు వేసేదెవరు, దేనికి వేస్తున్నారు?

క్లుప్తంగా: ప్రభుత్వ బడుల పనితీరును ఇప్పుడు ప్రధానంగా మూడు రకాలుగా కొలుస్తున్నారు. పదో తరగతి పాస్ శాతం, బడులే నింపి పంపే వివరాలు, నమూనా సర్వేలు. మొదటిది పరీక్ష విధానం మారితే మారిపోతుంది. రెండోది బడిలో ఏమున్నాయో చెబుతుంది, పిల్లలకు ఏం వచ్చిందో చెప్పదు. మూడోది పిల్లలకు ఏం వచ్చిందో చెబుతుంది గాని, ఏ ఒక్క బడి గురించీ చెప్పలేదు. జాతీయ విద్యా విధానం ప్రతిపాదించిన సంస్కరణలు 'ఎవరు కొలవాలి' అన్న ప్రశ్నకు జవాబిస్తున్నాయి. 'ఏది కొలవాలి' అన్నది ఇంకా చిక్కుముడిగానే ఉంది.

ఏటా పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్ల జిల్లా పేజీల్లో రెండు జాబితాలు తప్పకుండా కనిపిస్తాయి. నూరు శాతం పాసైన బడులు, ఒక్కరూ పాసవని బడులు. మొదటి జాబితాలో ఉన్న హెచ్‌ఎంలకు సన్మానాలు, రెండో జాబితాలో ఉన్నవారికి మెమోలు.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో నూరు శాతం జాబితాలో 2,803 బడులున్నాయి. 2025లో ఆ సంఖ్య 1,680కి పడిపోయింది. ఒక్క ఏడాదిలో వెయ్యికి పైగా బడుల్లో చదువు చెడిందని ఎవరూ అనుకోరు. 2025లో పదో తరగతికి తొలిసారి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌తో పరీక్ష జరిగింది. రాష్ట్ర పాస్ శాతమే 86.69 నుంచి 81.14కి దిగింది. బడులు ఎంత మారాయో ఆ అంకెల్లోంచి తెలుసుకోవడం కష్టం. కొలబద్ద మారిన సంగతి మాత్రం స్పష్టం.

పాస్ శాతం ఎందుకంత ఊగుతుంది

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఊపు ఇంకా పెద్దది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పాస్ శాతం 94.88. మళ్లీ మామూలుగా పరీక్ష జరిగిన 2022లో 67.26. ఈ రెంటి మధ్యలో మూడు పనులు జరిగాయి. బడి స్థాయిలో వేసే 20 ఇంటర్నల్ మార్కులను 2019 చివర్లో ఎత్తేశారు. 11 పేపర్లు 7 పేపర్లయ్యాయి. కరోనా వల్ల 2020, 2021లలో పరీక్ష లేకుండానే అందరినీ పాస్ చేశారు, పిల్లలు నెలల తరబడి బడి మొహం చూడలేదు. ఈ మూడింటిలో ఏది ఎంత దెబ్బ తీసిందో ఆ ఒక్క అంకె చూసి విడదీయడం ఎవరివల్లా కాదు.

తెలంగాణ పాస్ శాతం 2025లో 92.78. ఫలితాలొచ్చిన ప్రతిసారీ రెండు రాష్ట్రాలను పక్కపక్కన పెట్టి సోషల్ మీడియాలో వాదులాడుకోవడం మామూలే. కానీ తెలంగాణలో 20 మార్కులు ఇంటర్నల్స్ రూపంలో బడి చేతిలో ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో లేవు. తెలంగాణ కూడా వాటిని తీసేస్తామని 2024 నవంబరులో ఉత్తర్వు ఇచ్చి, ఆ తర్వాత వాయిదా వేసింది. ఇంటర్నల్స్ ఉన్న పరీక్షనూ లేని పరీక్షనూ పోల్చి ఏ రాష్ట్రంలో చదువు బాగుందో తేల్చడం కుదరదు.

బడి స్థాయికి దిగితే చిక్కు ఇంకా ముదురుతుంది. పదో తరగతిలో 8 మంది ఉన్న జెడ్పీ హైస్కూల్లో ఒక్కరు తప్పితే పాస్ శాతం 87.5. ఆ ఒక్కరు గట్టెక్కితే 100. టీచర్లు అదే పని చేసినా, ఏ పిల్లాడికి పరీక్షల ముందు జ్వరం వచ్చిందన్నదాన్ని బట్టి బడి సన్మానాల జాబితాలోంచి సంజాయిషీల జాబితాలోకి జారుతుంది. దానికి తోడు గురుకులాల్లో చాలావాటికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఊరి హైస్కూలు వచ్చిన ప్రతి పిల్లనూ చేర్చుకుంటుంది. ఫలితాల రోజు రెండూ ఒకే పట్టికలో, ఒకే వరసలో.

అన్నిటికన్నా లోతైన సమస్య వేరే ఉంది. పాస్ శాతమన్నది గీతకు ఇటువైపు ఎందరు, అటువైపు ఎందరు అన్న లెక్క మాత్రమే. 45 మార్కులొచ్చే పిల్లను 70కి తీసుకెళ్లినా బడి శాతం కదలదు. 30 వచ్చే పిల్లాడికి 5 మార్కులు కలిస్తే కదులుతుంది. జనవరి నుంచి ప్రత్యేక తరగతులు ఎవరి చుట్టూ తిరుగుతాయో, 'స్లో లెర్నర్స్' జాబితాలు ఎందుకు పుడతాయో, ముఖ్యమైన నాలుగు పాఠాలు మాత్రమే ఎందుకు రుబ్బిస్తారో దీంతో అర్థమవుతుంది. టీచర్లు తప్పు చేస్తున్నారని కాదు. ఏ అంకెను రివ్యూ మీటింగ్‌లో అడుగుతారో ఆ అంకెకే పని జరుగుతుంది. చదవడం రాకుండానే ఆరో తరగతికి వచ్చిన పిల్లాడి లోటు నాలుగేళ్ల తర్వాత హైస్కూలు ఖాతాలో పడుతుంది. ఆ పునాది పడాల్సిన ప్రాథమిక పాఠశాలకు ఇలాంటి అంకే లేదు.

చట్టం చూసేది గదులూ గోడలే

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడికి ఉండాల్సిన ప్రమాణాలన్నీ దాని షెడ్యూల్లో ఉన్నాయి. ప్రతి టీచరుకూ ఒక తరగతి గది, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీ, ఆటస్థలం, లైబ్రరీ. 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 6 నుంచి 8 తరగతులకు 220. ప్రాథమిక స్థాయిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. ఇవన్నీ బడికి అందాల్సినవి. పిల్లలకు ఏం రావాలన్న మాట షెడ్యూల్లో లేదు. తరగతివారీ అభ్యసన ఫలితాలను 2017లో కేంద్ర నిబంధనల్లో చేర్చారు.

చట్టాన్ని అలా రాయడానికి కారణం ఉంది. హక్కు అన్నాక కోర్టుకెళ్లి అడిగేలా ఉండాలి. మరుగుదొడ్డి ఉందా లేదా అన్నది ఎవరైనా చూసి చెప్పొచ్చు. పిల్లకు భిన్నాలు వచ్చా రావా అన్నది అలా తేలదు. పైగా అప్పట్లో చాలా బడుల్లో ఆ మరుగుదొడ్డే లేదు. లెక్కపెట్టడానికి వీలైనవాటినే చట్టం లెక్కలోకి తీసుకుంది.

కానీ లెక్కపెట్టగలిగిన చోట కూడా చట్టం చేయి రెండు రకాలుగా పడింది. సెక్షన్ 18 ప్రకారం ప్రైవేటు బడి నడపాలంటే గుర్తింపు పత్రం కావాలి, ప్రమాణాలు లేకపోతే ఆ గుర్తింపు పోతుంది. ప్రభుత్వ బడికి ఆ పత్రంతో పనిలేదు. కాబట్టి ప్రమాణాలు లేకపోతే తీసేయడానికీ ఏమీ లేదు. బడులు నింపి పంపే వివరాలతో కేంద్రం తయారుచేసే యూడైస్ లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో 1,04,125 ఏకోపాధ్యాయ పాఠశాలలుంటే వాటిలో 12,912 ఆంధ్రప్రదేశ్‌లోనివే. ఏ రాష్ట్రంలోనూ అన్ని లేవు. అదే ఏడాది పిల్లలే లేని బడులు దేశంలో దాదాపు 8 వేలు ఉంటే, 2,245 బడులతో తెలంగాణ రెండో స్థానంలో నిలిచింది. షెడ్యూలు ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దే హేతుబద్ధీకరణ ఉత్తర్వులు పిల్లలు తక్కువున్న బడికి ఒక్కరినే ఇస్తాయి. రెండూ ప్రభుత్వ కాగితాలే.

ఏపీలో బడుల వర్గీకరణపై మూడేళ్లు నలిగిన గొడవ మూలం కూడా ఇక్కడే ఉంది. 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించారు. సబ్జెక్టు టీచరు చెబితే చదువు బాగుంటుందన్నది వాదన. బడి దూరమైందని, ఊళ్లో మిగిలిన 1, 2 తరగతులకు ఒకే టీచరు దిక్కయ్యారని విమర్శ. 2025లో ఆ జీవోను రద్దు చేసి బడులను తొమ్మిది రకాలుగా విభజించారు. తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు వాటిలో ఒక రకం. రెండు ప్రయోగాల్లో దేనివల్ల పిల్లలకు చదవడం రాయడం మెరుగైందో చెప్పే బడివారీ కొలత అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందుకే ఆ చర్చ అంతా దూరం, పోస్టులు, బదిలీల చుట్టూ తిరిగింది.

వెయ్యి పాయింట్ల పట్టిక

పాఠశాల విద్యలో రాష్ట్రాలకు కేంద్రం గ్రేడ్లిచ్చే పనితీరు సూచిక పీజీఐ 2017-18 నుంచి ఉంది. మొదట్లో దానిలో 70 అంశాలు, 1,000 పాయింట్లు. వీటిలో అభ్యసన ఫలితాలకు 180 పాయింట్లు, పాలనా ప్రక్రియలకు 360. అంటే ఆన్‌లైన్ హాజరు, నిధుల విడుదల, డేటా నమోదు లాంటివాటికి పిల్లల చదువుకు రెట్టింపు బరువు.

ఆ 180 పాయింట్లకు ఆధారం జాతీయ సాధన సర్వే, అంటే న్యాస్. 2017 తర్వాత 2021 నవంబరు దాకా మరో న్యాస్ జరగలేదు. కాబట్టి మధ్య సంవత్సరాల నివేదికల్లో ఆ 180 కదలడానికి ఆస్కారం లేదు. ఏ రాష్ట్రం పైకెగబాకినా మిగతా 820లోంచే ఎగబాకాలి. 2020-21లో ఏడు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు 900 దాటాయి. 902 పాయింట్లతో ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. తెలంగాణకు 754.

మరుసటి ఏడాది పట్టికను తిరగరాశారు. అంశాలు 73 అయ్యాయి, అభ్యసనకు బరువు 240కి పెరిగింది, పాలనా ప్రక్రియలు 130కి తగ్గాయి, టీచర్ల శిక్షణకు విడిగా 100 వచ్చాయి. ఫలితం, 2021-22లో ఒక్క రాష్ట్రం కూడా 700 దాటలేదు. 900ల్లో ఉన్నవారు ఏడాదిలో రెండొందల పాయింట్లకు పైగా పోగొట్టుకున్నారు. బడులు అవే, టీచర్లు వాళ్లే. పాత పట్టికలో వచ్చిన గ్రేడ్లను చూపించి వేసుకున్న ఫ్లెక్సీలు మాత్రం కొన్నాళ్లు అలాగే ఉండిపోయి ఉంటాయి.

సర్వేలు చెప్పేవి, చెప్పలేనివి

చదువును నేరుగా కొలిచేవి రెండు ప్రధాన సర్వేలు. ఒకటి ప్రభుత్వానిది, పాత న్యాస్‌కు కొత్త రూపం. 2023లో ఏర్పడిన పరఖ్ సంస్థ 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతుల పిల్లలకు దేశమంతా పరీక్ష పెట్టింది. 74 వేల పైచిలుకు బడుల్లో 21 లక్షల మందికి పైగా రాశారు. మూడో తరగతిలో 99 వరకు అంకెలను ఆరోహణ, అవరోహణ క్రమంలో పెట్టగలిగినవారు 55 శాతం. రెండోది ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి నిర్వహిస్తున్న అసర్. అది బడికి కాకుండా ఇంటికి వెళ్లి, పిల్లల చేతికి రెండో తరగతి స్థాయి పాఠం ఇచ్చి చదవమంటుంది. 2024లో గ్రామీణ ప్రభుత్వ బడుల్లోని మూడో తరగతి పిల్లల్లో 23.4 శాతం చదవగలిగారు. కరోనా తర్వాత, 2022లో అది 16.3. కరోనాకు ముందు, 2018లో 20.9.

రెండూ నమూనా సర్వేలే. జిల్లాకో రాష్ట్రానికో ఒక అంచనా ఇస్తాయి. మన ఊరి బడి ఎలా ఉందని తల్లిదండ్రులు అడిగితే ఏ సర్వే దగ్గరా జవాబు లేదు. మండలంలోని 40 బడుల్లో ఏ ఐదింటికి ముందు సాయం కావాలో ఎంఈఓకీ వాటితో తెలియదు.

అందరికీ పరీక్ష పెడితే సరిపోదా అన్న ఆలోచన సహజం. జాతీయ విద్యా విధానం 2020 కూడా 3, 5, 8 తరగతుల్లో పిల్లలందరికీ పరీక్ష ఉండాలంది. కానీ అలాంటి పరీక్షకు మధ్యప్రదేశ్‌లో ఏమైందో ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ పరిశీలించారు. అధికారిక పరీక్షలో పిల్లలకొచ్చిన మార్కులకూ, అవే ప్రశ్నలతో అదే పిల్లలకు విడిగా పరీక్ష పెడితే వచ్చిన మార్కులకూ చాలా తేడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన మరో ప్రయోగంలో కాగితం మీద కన్నా ట్యాబ్‌లో పెట్టిన పరీక్షలో కాపీయింగ్ బాగా తగ్గింది. అంకె బడి పరువుకు ముడిపడి ఉన్నప్పుడు ఆ అంకెను బడే రాసి పంపితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఫారాలు నిండాయి, క్లాసు మారలేదు

ఇదే మధ్యప్రదేశ్‌లో మరో అనుభవం ఉంది. బడులు తమను తాము అంచనా వేసుకుని, లోపాలు గుర్తించి, అభివృద్ధి ప్రణాళిక రాసుకోవాలి. అధికారులు వచ్చి చూస్తారు. ఇంగ్లండ్ తరహా తనిఖీలను మనకు తగ్గట్టు మార్చి రూపొందించిన ఆ పద్ధతి కాగితం మీద ముచ్చటగా ఉంది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ దాన్ని ప్రయోగాత్మకంగా పరీక్షించారు. దాదాపు అన్ని బడులూ అంచనాలు పూర్తి చేశాయి, ప్రణాళికలు రాశాయి. టీచరు పాఠం చెప్పే తీరులో గాని, హాజరులో గాని, పిల్లల చదువులో గాని మార్పు కనబడలేదు. అయినా ఆ పద్ధతి 'శాలా సిద్ధి' పేరుతో దేశంలో 6 లక్షలకు పైగా బడులకు విస్తరించింది. ఎందుకంటే విస్తరణకు ముందు చూసింది ఎన్ని బడులు ఫారాలు నింపాయన్నదే. ఆ లెక్కన పథకం పూర్తి విజయం.

తెలుగు రాష్ట్రాల టీచర్లకు ఇది కొత్త సంగతి కాదు. మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క నుంచి హాజరు దాకా అన్నీ యాప్‌లలోకి ఎక్కించాలి. ఏపీలో మరుగుదొడ్ల ఫొటోలు తీసి అప్‌లోడ్ చేసే పని కూడా 2024 దాకా టీచర్లదే.

అమెరికా గడువు, ఇంగ్లండ్ ఒక్కమాట

ఫలితాలను బట్టి బడులను శిక్షించడం కూడా ఇతర దేశాలు చేసి చూశాయి. అమెరికాలో 2002 జనవరిలో వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం 2014కల్లా పిల్లలు నూటికి నూరు మంది చదవడంలోను, లెక్కల్లోను నిర్ణీత స్థాయి అందుకోవాలంది. ఆ స్థాయి ఏమిటో రాష్ట్రాలే తేల్చుకోవచ్చు. దాంతో చాలా రాష్ట్రాలు స్థాయినే కిందికి దించుకున్నాయి. అట్లాంటాలో 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లు జవాబు పత్రాలు దిద్దడంలాంటి అక్రమాల్లో చిక్కుకున్నారని 2011లో దర్యాప్తు తేల్చింది. 2014 వచ్చేసరికి 40కి పైగా రాష్ట్రాలు ఆ లక్ష్యం నుంచి మినహాయింపు తీసుకున్నాయి. 2015లో చట్టాన్నే మార్చారు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు ఇల్లు కొనేముందు ఇప్పటికీ చూసే స్కూల్ రేటింగులకు కావలసిన పరీక్ష మార్కులు ఆ కాలం నుంచే బడివారీగా అందరికీ అందుబాటులోకి వచ్చాయి.

ఇంగ్లండ్‌లో తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ బడికంతటికీ కలిపి ఒకే మాటలో తీర్పు చెప్పేది. ఒక హెడ్‌టీచర్ మరణం తర్వాత రేగిన చర్చతో 2024 సెప్టెంబరులో ఆ ఒక్కమాట తీర్పును ఎత్తేశారు. అదే దేశం 2016లో మరో మార్పు తెచ్చింది. పిల్లలు పదహారేళ్లకు ఎన్ని మార్కులు తెచ్చుకున్నారన్నదానికి బదులు, పదకొండేళ్లకు ఎక్కడున్నవాళ్లు ఎంత ముందుకొచ్చారన్నదాన్ని బడికి ప్రధాన కొలతగా తీసుకుంది.

300 బడుల ప్రయోగం

ముందడుగును కొలిచే ఈ ఆలోచన మనకు పరాయిది కాదు. ఇంగ్లండ్‌లో 2016 నాటి ఆ మార్పుకు దాదాపు పదేళ్ల ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో దాన్ని ప్రయత్నించారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 300 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం చేశారు. వాటిలో 200 బడుల్లో, పిల్లల సగటు మార్కుల్లో ఏడాదికి ఎంత మెరుగుదల వచ్చిందో చూసి టీచర్లకు బోనస్ ఇచ్చారు. బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతం. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు లెక్కల్లోను, తెలుగులోను మిగతా బడుల పిల్లలకన్నా స్పష్టంగా ముందున్నారు. బోనస్ లేని సైన్స్, సోషల్‌లో కూడా వెనకబడలేదు, మెరుగయ్యారు.

ఇక్కడ బోనస్ గురించి వాదన జరగొచ్చు, జరిగింది కూడా. కొలత విషయంలో గమనించాల్సినవి రెండు. ఒకటి, గీత దాటినవారి శాతానికి బదులు ప్రతి పిల్ల ముందడుగూ లెక్కకొచ్చింది. సున్నా నుంచి పదికి వచ్చిన పిల్లాడు, అరవై నుంచి డెబ్భైకి వెళ్లిన పిల్ల బడికి సమానమే. రెండు, పరీక్ష పెట్టింది బయటివాళ్లు. ఈ రెండూ ఉన్న కొలతను ఆ తర్వాత రాష్ట్రమంతటా శాశ్వత ఏర్పాటుగా చేసే ప్రయత్నం రెండు రాష్ట్రాల్లోనూ జరగలేదు. ఖర్చు ఒక కారణం. ఏడాదికి రెండుసార్లు బయటివారితో, ప్రతి బడిలో పరీక్ష నడపడం చిన్న పని కాదు.

కొత్త సంస్థ వస్తే ఏం మారుతుంది

ప్రస్తుతం బడులను నడిపేదీ, నియమాలు పెట్టేదీ, తనిఖీ చేసేదీ, మార్కులు వేసేదీ ఒకే పాఠశాల విద్యాశాఖ. అంగట్లో సరుకు అమ్మేవాడి చేతిలోనే తక్కెడ ఉన్నట్టు. జాతీయ విద్యా విధానం ఈ పనులను విడదీయమంది. విధానాలు శాఖకు, బడుల నిర్వహణ డైరెక్టరేట్‌కు, పాఠ్య వ్యవహారాలు రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఎస్‌సీఈఆర్‌టీకి. కనీస ప్రమాణాలు చూసే పని మాత్రం రాష్ట్ర పాఠశాల ప్రమాణాల సంస్థ అనే స్వతంత్ర సంస్థకు. ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెంటికీ ఒకే కొలబద్ద ఉండాలని కూడా చెప్పింది. సెక్షన్ 18 నాటి తేడాకు ఇది విరుగుడు. నిజంగా అమలైతే 12,912 ఏకోపాధ్యాయ పాఠశాలల గురించి ప్రభుత్వాన్ని ప్రభుత్వ సంస్థే అడగాల్సి వస్తుంది.

అయితే ఆ సంస్థ చూడాల్సిన అంశాల జాబితా చదివితే పాత వాసనే వస్తుంది. భద్రత, కనీస వసతులు, సబ్జెక్టువారీ టీచర్ల సంఖ్య, డబ్బు లెక్కల్లో నిజాయతీ, పాలనా పద్ధతులు. బడులు ఈ వివరాలను బహిరంగంగా ప్రకటించాలి. పిల్లల చదువు స్థాయి ఆ జాబితాలో లేదు, అది వేరే సర్వేలకు వెళ్లింది. తక్కెడ పట్టే చేయి మారినా తూచే సరుకు పాతదే.

ఈలోగా ఒక గడువు దగ్గరపడుతోంది. 2021 జూలైలో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ ప్రకారం 2026-27కల్లా దేశంలో ప్రతి పిల్లా మూడో తరగతి దాటేసరికి అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలి, 9,999 వరకు అంకెలు రావాలి. అమెరికా గడువులాగే ఇదీ నూటికి నూరు మంది లక్ష్యమే. దేశమంతటికీ 60 పదాలే అనడంలో ఒక ఇరకాటం కూడా ఉంది. హిందీలో నాలుగు ముక్కలుగా రాసేది తెలుగులో చాలాసార్లు ఒకే పదంగా కలిసిపోతుంది, మన 60 పదాలు పొడవైన 60 పదాలు. అది పక్కన పెడితే, ఇప్పటిదాకా చూసిన కొలతలన్నిటిలోకీ సులువైనది ఇదే. మార్కుల పట్టిక అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, ఒక పేజీ, ఒక గడియారం చాలు. ఇరవై మంది ఉన్న క్లాసుకు ఇరవై నిమిషాల పని. ఉత్తరప్రదేశ్‌లో నిపుణ్ లక్ష్యం అందుకున్న బడులేవో తేల్చడానికి టీచరు శిక్షణ కోర్సు డీఎల్‌ఎడ్ చదువుతున్నవారిని బయటి నుంచి పంపుతున్నారు. మన దగ్గర ఆ ఇరవై అంకెలు రాసుకునేది క్లాసు టీచరా, పక్క మండలం నుంచి వచ్చిన మనిషా అన్నదాన్ని బట్టే 2027లో వచ్చే అంకెను నమ్మాలో లేదో తేలుతుంది.